కాంటా మీద రెండు కాళ్లు

ఎనుమాముల యార్డుల మిర్చి సీజను.
ఘాటుకు తుమ్మేటోళ్లంతా కొత్తోళ్లు.
నేను ఇరవై రెండేండ్ల పాతోణ్ని,
నడకకే కొత్త.

కుడికాలు అయిదు వేళ్లు,
వాటెనుక బెత్తెడు పాదం
ఎంజీఎం దవఖానల ఇచ్చి వచ్చిన.
చెప్పుల నుంచి దిగిన తుమ్మముల్లు.
నెల దినాలు షుగరు దాన్ని దాసిపెట్టింది
నాకు చెప్పకుంట.

గాయం మానినంక
తబస్సుం మేడం (మా చిన్నబిడ్డ ఈడు ఉంటది)
తొట్టిల నా కాళ్లు తడిపి
వరండా గచ్చు మీద నడువుమన్నది.
ఎడమది నిండు అచ్చు.
కుడిది మడిమ, జర నడిమి పాదం,
ఆడికే ఖతం,
మాట మొదలువెట్టినోడు
ఎవలో పిలిస్తే లేచిపోయినట్టు.

టేపు పెట్టి కొలిచి అన్నది:
"చూడు మొగిలన్నా,
పొట్టిగ పడుతున్నది నీ ఎడమ అడుగు."
నాకు నవ్వొచ్చింది.
కోసింది కుడికాలునైతే
శిక్ష ఎడమదానికా?
కుడిదాని మీద ముందుకు ఒరగవోతే
ఒరగనీకె జాగ లేదట,
అందుకే ఎడమది తొందరపడి
నేలను అందుకుంటదట.

బస్తా మోసేటప్పుడు
మెడను తలుసుకున్న, నడుమును తలుసుకున్న,
మోకాలుకు జండూబాము రాసిన.
నేలను ఎనుకకు నూకి
నన్ను ముందటికి పంపింది బొటనవేలని
ఎవ్వడూ చెప్పలె.
దానికి గోరు తీసిన, గంతే.

ముఠాల ఒకడు రాకుంటే
వాని బస్తాలు తక్కినోళ్ల మీద పడుతయి.
పెయ్యి కూడా ముఠానే.
వేళ్ల పని తుంటి ఎత్తుకున్నది,
తుంటి అలిస్తే ఎడమ మోకాలు,
అదీ గునిస్తే నడుము.
మాపటికి అందరూ కలిసి
కూలి అడుగుతరు నన్ను.

మండిబజార్ల చెప్పుల లచ్చుమయ్య
బూటు ముందట రబ్బరు ముద్ద నింపిండు,
కింద గట్టి పట్టీ ఏసిండు.
అంతకుముందు ఉత్త బూటు తొడిగితే
దాని మూతి పైకి లేచేది
నా అబద్ధం పట్టుకున్నట్టు.
మా కొమురమ్మ బొట్టు అద్దం
ఇప్పుడు నా అరికాలు కిందికి వచ్చింది.
రోజూ పండుకునే ముందట
కాలు మొకం చూస్తది,
ఎర్రగైందా, బొబ్బ లేచిందా అని.
నా మొకం చూడక ఎన్నొద్దులైందో!

మొన్న రాత్రి లారీలు పోయినంక
గుమాస్తా వీరభద్రంను బతిమాలి
రెండు కాంటాలు పక్కపక్కకు జరిపిచ్చిన.
బూట్లిప్పి ఒక్కోదాని మీద ఒక్కో కాలు.
ఎడమ ముప్పై ఎనిమిది.
కుడి ఇరవై మూడు.
వీరభద్రం అలవాటు సొప్పున
"తరుగు తియ్యాల్నా?" అన్నడు.
ఇద్దరం నవ్వినం, నవ్వు నిలవడలె.
రైతు బస్తకు కిలో తరుగు తీస్తుంటే
పక్కన నిలవడి బీడీ తాగినోణ్ని.

తర్వాత తబస్సుం చెప్పినట్టు
కండ్లు మూసుకొని
కుడి కాంటా మీదికి మెల్లగ బరువు జరిపిన.
ఇరవై అయిదు. ఇరవై ఏడు.
"ముప్పై!" అని వీరభద్రం అరిచేసరికి
భయమై మళ్ల ఎడమకే వచ్చిన.
ముప్పై కిలోలు.
నూరు కిలోల గోనె మోసినోడు
తన ముప్పైకి ఒణికిండు.

బూట్లు చేతుల పట్టుకొని
గేటు దాక ఉత్తకాళ్ల మీద నడిచిన,
కొమురమ్మకు చెప్పకున్రి.

తెల్లారి ఊడ్సనీకొచ్చిన రాజవ్వ
కారపు దుమ్ముల అడుగులు చూసి
నడుం మీద చెయ్యి ఏసుకొని నిలవడ్డది.
"ఎవడురా వీడు?
పసిపోరన్ని పట్టుకొని ఈ ఘాటుల నడిపిచ్చిండు.
ఒకటి పెద్దకాలు, ఒకటి పిల్లకాలు."

"నడక నేర్పుతున్నట్టున్నడు అవ్వా" అన్న.

"నేర్పేటోనికి బుద్ధుండాలె" అనుకుంట
అడుగుల మీంచే
చీపురు ఊడ్చుకుంట పోయింది.