అల వచ్చే ముందు ఈల

మూడులాంతర్ల దగ్గర, త్రినాథ టీకొట్టు ముందు
ఆదివారం రాత్రి ఎనిమిదింటికి
అలలకోట ఏడాది పాసున్నవాళ్ళం ఆరుగురం పోగవుతాం.
మమ్మల్ని ఎవరూ సంఘం అనలేదు, చందా లేదు.
నెల్లిమర్ల రోడ్డులోని ఆ నీళ్ళ పార్కు గురించి మాత్రం
సొంత పొలం గట్టు తగువులా మాట్లాడతాం.

ఈవారం తగువు ఈల మీద.

అలల కొలనులో మిషను తిప్పేముందు
గుంపస్వామి అని ఒకాయన
గట్టున నిలబడి ఈల ఊదేవాడు.
పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు.
రెండో పొట్టిది ఆగీ ఆగకముందే
మోకాళ్ళ దగ్గర నీళ్ళు చల్లబడేవి.
పిల్లలు, ఎవరి పిల్లలైనా సరే,
పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టేసుకునేవారు.
పార్కు కొన్న కొత్త కంపెనీ ఈల తీసేసింది.
ఇప్పుడు స్పీకర్లోంచి ఒక ఆడగొంతు
"ప్రియమైన అతిథులారా" అంటుంది.

"అతిథులేటి, అతిథులు!
లాకరుకి ఎనభై లాగినోడికి నాను అతిథినా?"
జగ్గునాయుడు జూటు మిల్లులో ముప్పై ఏళ్ళు చేసినవాడు,
గేటుకి అంటించిన నోటీసు
పదిమందికి పైకి చదివి వినిపించినవాడు.
కంపెనీ అన్న మాట వస్తే కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.
"ముందు ఈల తీస్తారు. తరవాత మనిషిని తీస్తారు.
నాను సూసినాను."

నర్సు సూరమ్మ ఒప్పుకోదు.
"ఇప్పుడు బాత్రూముల్లో సబ్బుంటోంది, అది చూశారా?
పాత యజమాని మంచోడే.
మంచితనంతో పాచి వదుల్తుందా?
నా తోడికోడలు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు
నా చున్నీతో కట్టాను కట్టు."

హేమసుందర్ ఫోన్లో లెక్క తీశాడు.
పాసు పద్దెనిమిది వందల నుంచి ఇరవయ్యారుకి.
ఇంటి పులిహోర గేటు దగ్గరే ఆపేస్తారు,
లోపల రెండు జీడిపప్పులేసి నూట నలభై.

"నష్టమొస్తే మూసేస్తారు" అన్నాడు సన్యాసిరావు,
అతనెప్పుడూ కంపెనీ వైపే.
"అప్పుడు చంపావతిలో దిగి ఊదుకోండి మీ ఈల."

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
చంపావతిలో ఇప్పుడు
చీలమండ తడిసేంతే నీళ్ళు.

ఫోను నా చేతికిచ్చారు.
సహకార బ్యాంకులో కౌంటరు వెనక కూర్చునేదాన్ని,
అవతలివాళ్ళు ఎలా వింటారో,
ఎలా విననట్టు రాసుకుంటారో నాకు తెలుసు.
"మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటూ
పద్నాలుగు నిమిషాలు వీణ వాయించారు.
రెండో విడత టీ అయింది.
అప్పుడొక అమ్మాయి, ఇస్త్రీ చేసిన తెలుగు.
"మీ ఫిర్యాదు ఏ విభాగం మేడం?
ఆహారం, శుభ్రత, వాపసు, ఇతరములు."
"ఈల" అన్నాను.
"ఇతరములు" అంది, టకటకా కొట్టింది.
కొడుతూ కొడుతూ ఆగింది.
"పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు... అదేనాండి?"
గొంతు నలిగింది.
"మాది గరివిడండి. ఆ ఈలకి మా తమ్ముడు
నా జడ పట్టుకుని ఏడిసీవోడు."
తరవాత గబుక్కున
పదకొండంకెల ఫిర్యాదు నంబరు చదివి
"ఇంకేమైనా సహాయం కావాలా మేడం?"
ఏం కావాలో నాకే తట్టలేదు.

నంబరు త్రినాథ గోడమీద బొగ్గుతో రాసుకున్నాడు.
అది గెలుపా ఓటమా అని పదిన్నరదాకా నడిచింది.

మళ్ళీ ఆదివారం.
ఇక వెళ్ళేది లేదన్నవాళ్ళమే
లాకరుకి ఎనభై కట్టి, ఛాతీలోతు నీళ్ళలో ఆరుగురం.
పార్కింగులో గుంపస్వామి,
కొత్త చొక్కా, కంపెనీ టోపీ,
వెనక్కొస్తున్న ఆటోకి ఈల ఊదాడు.
గోడ దాటి వినబడింది.
పొడుగ్గా ఒకటి.
ఊపిరి బిగబట్టి
పొట్టివాటికోసం చూశాం.

అల చూడలేదు.

జగ్గునాయుడి కళ్ళద్దాలు కొట్టుకుపోయాయి.
అవి ఏ విభాగం కిందికొస్తాయో
ఇంకా తేలలేదు.