ఏడో గడి

మైపాడు దారిలో, కాలువకు అవతల
నాలుగు రొయ్యల గుంటలకు నేను రాత్రి కాపలా.
గుంటకు నాలుగు ఏరేటర్లు.
లెక్కేసుకోండి, పదహారు.

మంచె మీద, మేత బస్తాల పక్కన
నాదీ ఒక పదహారుంది.
చెన్నై రిచీ వీధిలో పెట్టె లేకుండా, బిల్లు లేకుండా
మూడువేల ఎనిమిదొందలకు తెచ్చుకున్న మిడి ప్యాడ్.
నాలుగు వరసల రబ్బరు మీటలు,
పైన తిప్పుకోడానికి బిరడాలు.
ఒకటి ఊడిపోతే దాని చోట పెన్ను మూత.

పెంచలయ్య మామ దాన్ని తిరగేసి మరగేసి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"ఏందబ్బయ్యా, దీనికి ఊపిరే లేదే?"
లేదు మామా.
ఇందులో డప్పూ లేదు, మద్దెలా లేదు.
ఏ మీట నొక్కానో, ఎంత గట్టిగా నొక్కానో
ఆ రెండు ముక్కలే తీగలోంచి లాప్‌టాప్‌కి చేరవేస్తుంది.
శబ్దం అవతల పుడుతుంది.
మామ కాసేపు గడ్డం గోక్కుని
"చెక్ ట్రే మాదిరి," అన్నాడు.
"రొయ్య నోరు తెరిచి ఆకలని చెప్పదు గదా.
ట్రే పైకి లాగితే మేత ఎంత మిగిలుండాదో
అదే మనకి మాట."
ఎన్ని వీడియోలు చూసినా
ఇంత సుళువుగా ఎవరూ చెప్పలేదు నాకు.

మౌసుతో గళ్లు నింపడమంటే
మేత పుస్తకం రాసినట్టే.
ఆరుకో టిక్కు, పదికో టిక్కు,
చెయ్యి పని చేస్తుంది, ఒళ్లు చెయ్యదు.
మీటలైతే వేరు.
నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది.
వెలిగిన చోట దెబ్బ.
వాటి మీదుగా తెల్లటి వెలుగొకటి
ఒకటి నుంచి పదహారు దాకా నడిచి
మళ్లీ ఒకటికొస్తుంది,
టార్చి పట్టుకుని గట్టు మీద నేను తిరిగినట్టు.

ఏడో మీట చచ్చిపోయింది.
మౌసుతో ఆ గడి నింపొచ్చు. నింపను.
నా దరువులన్నీ ఏడో అడుగు దగ్గర
తెలియక పల్లంలో కాలేసినట్టు తూలతాయి.
ట్రంకు రోడ్డులో స్టూడియో పెట్టిన ఖాజావలి విని
"ఇక్కడేదో మర్చిపోయినావు" అంటాడు.
మర్చిపోలేదు. అక్కడ మీట లేదు.

మూడో గుంట ముప్ఫై కౌంటుకొచ్చిన వారం.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని
కిక్‌ని పదకొండుకి జరపాలా, పదికా అని చూస్తున్నా.
ఏదో తప్పింది.
గళ్లు సరిగ్గానే ఉన్నాయి, వెలుగు సరిగ్గానే నడుస్తోంది,
దరువు కింద మాత్రం నేల లేదు.
తలెత్తితే
గట్టు మీద ఒక్క దీపం లేదు.
కాలువకు ఈ పక్కన వెలుగుతున్నవి
నా మీటలే.
హెడ్‌ఫోన్లు తీశాను.
గుంటలు అంత నిశ్శబ్దంగా ఉండకూడదు.

"బిన్నా రా, బిన్నా!"
జనరేటర్ షెడ్డు దగ్గర మామ అరుపు.
హ్యాండిల్ తిప్పాను. దగ్గింది.
మళ్లీ. దగ్గి ఆగింది.
భుజం ఊడొచ్చేలా మూడోసారి తిప్పితే
డగడగమని అందుకుంది.
ఏరేటర్లు ఒక్కపెట్టున లేవవు.
ఒక్కో స్టార్టరే నొక్కుతూ పరిగెత్తాలి.
ఒకదాని నురగకి ఇంకోదాని నురగ అరక్షణం వెనక,
ఏ రెండూ కలవవు,
ఏదీ తాళం తప్పినట్టూ ఉండదు.
పదిహేను లేచాయి.
రెండో గుంటలో మూడోది లేవలేదు.
వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే
నవ్వొచ్చింది, నవ్వే వేళ కాదు.
స్టార్టర్ ఆపి, మామ నడుం లోతు నీళ్లలో దిగి
రెక్కలకు చుట్టుకున్న నాచు కత్తితో కోశాడు.
అదీ తిరిగింది.

మంచెక్కేసరికి లాప్‌టాప్‌లో నాలుగు శాతం.
వెలుగు ఇంకా నడుస్తోంది,
అయిదు, ఆరు, చీకటి, ఎనిమిది.
మూయబోయాను.
"ఆపబాక, నన్నొకటి నొక్కనీ," అన్నాడు మామ,
లుంగీ పిండుకుని, వేలు చొక్కాకి తుడుచుకుని.
నొక్కాడు, సరిగ్గా దాన్నే.
వెలగలేదు.
ఇంకా గట్టిగా నొక్కాడు.
"దీనికీ నాచు చుట్టుకుందా ఏంది?"
అని కత్తి కోసం మొలలో తడుముకున్నాడు.