నీళ్లసంచిలో ఎరుపు

నగావోకాలో ఆ రోజు పొద్దుటి నుంచీ తడిమంచు.
కొట్టులో నేనూ, వెలుగుతున్న పదకొండు మానిటర్లూ.
తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది:
రబ్బరు బూట్లు, చంకలో థర్మకోల్ పెట్టె.
సెకిగుచి కినుయే అని తర్వాత బిల్లు మీద రాశాను.

"తెరలు చూపించు" అంది.
ఖరీదైనదే ముందు చూపించాను, మా వృత్తిధర్మం అది.
లక్షా ఎనభై వేల యెన్లు.
నూరు కోట్ల రంగులు, ఐదేళ్ల వారంటీ,
మెడ ఎటు తిప్పమంటే అటు తిప్పుతుంది,
కొత్త అల్లుడు కూడా అంత మాట వినడు.
పక్కనే ఇరవై రెండు వేలది.
దాని గురించి చెప్పడానికి నా దగ్గర
"ఇదీ పనిచేస్తుంది" తప్ప ఇంకో మాట లేదు.

ఆవిడ పెట్టె మూత తీసింది.
బిగదీసి కట్టిన నీళ్లసంచిలో కోయి చేప,
జానెడు కన్నా కొంచెం ఎక్కువ.
తెల్లటి ఒంటి మీద మూడు ఎర్రమచ్చలు.
బర్రెను నీళ్లలో ఉంచి బేరమాడేవాళ్లుంటారు గానీ
నీళ్లతో సహా మోసుకొచ్చినవాళ్లను అప్పుడే చూశాను.

అదే చేప, నిన్న తీసిన ఫొటో.
పెన్‌డ్రైవ్ పెట్టి రెండు తెరల మీదా వేశాను.

చవకదాంట్లో మందారం.
ఖరీదైనదాంట్లో పండుమిరప,
అంచుల్లో కాస్త ఇటికపొడి రాలినట్టు.
"ఇక్కడ, తోక దగ్గర, ఇంకా పండలేదు"
అంటూ తడివేలు తెరకు ఆనించింది,
"ఇందులో అది కనబడదు" అంటూ రెండోదానికీ.
తర్వాత సంచిని ట్యూబ్‌లైటు కిందికి ఎత్తింది.
రెండూ కాదు.
"మీ లైటు అబద్ధాలాడుతోంది."

బయటికి నడిచాం.
కార్ల మీద మూరెడు మంచు.
అంత తెలుపులో ఆ ఎరుపు.
ఎరుపుకు ఎన్ని పేర్లున్నాయో అన్నీ
నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.
ఆవిడకు కొత్తేం కాదు. "ఊఁ" అని లోపలికి నడిచింది.
"ఖరీదైనదే నిజం చెబుతోంది."

నా కమీషన్ లెక్క మనసులో మొదలైపోయింది.

"కొనేవాళ్ల దగ్గర ఏ తెర ఉంటుంది?"
జకార్తాలోనో, రోటర్‌డామ్‌లోనో,
రాత్రి భోంచేసి చేపల ఫొటోలు తిరగేసేవాళ్ల దగ్గర.
అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను.
"ఎక్కువమందికి ఇలాంటిదే" అన్నాను చవకదాన్ని చూపిస్తూ.
"లేదంటే ఫోను."

స్టూలు లాక్కుని కూచుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది.
పోయినేడు ఒకాయన రాశాడట:
చేప ఆరోగ్యంగా చేరింది, చక్కగా తింటోంది,
ఫొటోలోని ఎరుపు మాత్రం
దారిలో ఎక్కడో దిగిపోయినట్టుంది.
"డబ్బు వెనక్కి అడగలేదు.
అడిగి ఉంటే నాకు నిద్ర పట్టేది."

యమకోషి కొండ మీద మట్టికుంట,
అందులో ఒక్క మచ్చ పండటానికి మూడు వేసవులు.
ఆ లెక్క ఆవిడే చెప్పింది, నన్ను చూస్తూ కాదు,
సంచిలోకి చూస్తూ.

"నిజం చూసుకోడానికి నాకు కుంట ఉంది.
వాళ్లకేం కనబడుతోందో, అది కనబడాలి నాకు.
అప్పుడు ఫొటోలో ఎరుపు కొంచెం దించుతాను."
ఇరవై రెండు వేలది కట్టమంది.
డిస్కౌంటు అడగలేదు.
పెట్టె మాత్రం రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టమంది,
బండిలో చేప పక్కనే పెడుతుందట.

ఆవిడ వెళ్లాక గుడ్డ తీసుకున్నాను.
రెండు తెరల మీదా ఒక్కో నీటిచుక్క, తోక ఉన్న చోట.
దగ్గరికి వంగి చూస్తే
చుక్కలోపల చేప లేదు.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం,
ఆవగింజలో పదో వంతు గింజలు వరసగా.
లక్షా ఎనభై వేలదాంట్లోనూ అవే మూడు.
ఇరవై రెండు వేలదాంట్లోనూ అవే.

ఎవరో గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చారు,
ప్రింటర్ సిరా ఉందా అని.
ఉందన్నాను.
ఏ రంగు కావాలని వెంటనే అడగలేకపోయాను.