అడుగు మడ్డి

తాటి కల్లుకు పొద్దు తెలుసు.
తెల్లారి దించితె తీపి,
ఎండ ముదిరితె పులుపు,
మాపటికి మనిషిని పండవెడ్తది.
బీరుకు పొద్దు తెల్వది.
పద్నాలుగు దినాలు ఆగాలె అంటడు
బేకరీల పనిచేసే వర్కీ.
మాకున్నయి నాలుగు.
బేస్తారం రాత్రి ఓదెలు ఫ్లయిటు.

ఖురూజు కొట్టిన కాయితం వాని దిండు కింద,
ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను నా మంచం కింద.

బకాలాల రెండు డజన్ల బార్లీ సీసాలు కొన్న,
నిషా లేనియి, పిల్లలు గూడ తాగేటియి.
కౌంటరు కాడి యెమెనీ పిలగాడు
పార్టీనా అని నవ్విండు.
కడుపుల మంట అన్న.
కిలో చక్కెర. చిటికెడు ఖమీరు,
వర్కీ సాక్సుల పెట్టి తెచ్చింది.
క్యాను మూతికి రబ్బరు గ్లౌజు తొడిగి
నడిమి వేలికి సూదితోని సన్నటి తూటు.

ఇరవై ఏండ్లు మోకు ముత్తాదుతోని ఎక్కినోన్ని.
ఇప్పుడు ఇనుప పైపులు ఎక్కుతున్న,
నడుముకు బెల్టు ఉన్నది గాని
కింద మండువ లేదు, ఆకు పట్టి కూసున్నోడు లేడు.
జుబేల్ రోడ్డు నడుమ వరుసగ ఖర్జూరాలు,
మన ఈతచెట్టుకు మేనత్త బిడ్డలు.
ఏ చెట్టు యాడ గీస్తె పారుతదో
బస్సు కిటికీల నుంచే చెప్పగలుగుత.
చేతులు జేబుల పెట్టుకుంట.

మొదటి రాత్రి గ్లౌజు
చచ్చిన కోడి కాలు లెక్క వేలాడింది.
రెండో రాత్రి క్యాను గునుసుడు మొదలువెట్టింది,
బుడుగు బుడుగు, బుడుగు బుడుగు.
అదే రాత్రి క్యాంపు బాసు తనిఖీ.
రాజలింగు ఉప్పునీళ్ళ గిలాస ఎత్తి
గొంతుల పోసుకొని పుక్కిలించబట్టిండు,
బాసు పోయేదాక ఆపలే.
పండ్ల నొప్పి సార్, అన్న నేను.

మూడో నాడు డ్యూటీ దిగి చూస్తె
గ్లౌజు లేచి నిలబడ్డది
ఐదు వేళ్ళు ఇప్పుకొని,
హాజరు పిలిస్తె పలికినట్టు.
అందరం నవ్వినం. ఓదెలు ఎక్కువ నవ్విండు.

గంటకు ఫోర్మను వచ్చిండు.
టికెటు మారిందట. ఈ రాత్రే. వ్యాను కింద ఉన్నది.

గ్లౌజు ఊడదీసిన, ఉస్సుమన్నది.
స్టీలు గిలాసల ముంచి ఇచ్చిన,
మబ్బు మబ్బుగ, సగం తీపి, నురుగు నిలవనిది.
గుటక ఏసి కండ్లు మూసిండు.
"ఇది బీరు కాదుర గౌడు,
దించి ఇంక ఇంటికి తేని కల్లు."
ఇంకో గుటక ఏసి గిలాస నాకిచ్చిండు.

వ్యాను కాడ అద్దం దించి చెయ్యి బయటికి పెట్టిండు.
పద్నాలుగు సీసాల బాకీ ఉన్న నీ మండువల,
యాదున్నదా?
మసిబొగ్గు గీతలు వాన కడిగింది, పో, అన్న.
పది రియాళ్ళ నోటు నా అంగీ జేబుల కుక్కిండు.
దూరంగ రిఫైనరీ మంట
ఎవలూ ఊదకుంటనే మండుతున్నది.

బేస్తారం అది మంచిగ పాకానికి వచ్చింది,
చేదు, కారం, ముక్కుకు ఎక్కేటి గాలి.
తాగినం. ఎవలూ బాగున్నదనలే.
రాజలింగు వాని మంచం మీద కూసోలే,
నిలబడే తాగిండు.

శుక్రారం క్యాను ఒడిసింది.
అడుగున మడ్డి మిగిలింది,
అంబలి లెక్క, బూడిద రంగుది.
పారబోస్త అన్నడు రాజలింగు.
వద్దన్న.
పాత లొట్టిల కల్లు జల్ది పులుస్తది,
మా తాత అందుకే లొట్టిని తోమనియ్యకపోవు.
తొక్కు సీసల పోసి
ఫ్రిజ్జిల పాల డబ్బా ఎనుక పెట్టిన.

ఆఫీసుకు కాయితాలు ఇంక వస్తున్నయట.
ఎవని పేరో తెల్వది.
ఈసారి నాలుగు దినాలు అక్కెరలేదు,
రెండు చాలు.