పొద్దు పొడవని ఊళ్ళో

వార్దోలో ఈ రెండు నెలలూ పొద్దు పొడవదు.
మధ్యాహ్నం పన్నెండింటికి దక్షిణాన ఒక గులాబీ చార
కనబడీ కనబడనట్టు గీసుకుని చెరిగిపోతుంది.
దాన్నెవరూ పగలు అనరు ఇక్కడ.

డబ్బా మీద మాత్రం రాసుంది:
ఉదయపు మొదటి మూత్రంతో పరీక్షించుకోవాలని.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు నాది.
ఏడింటికి తొడుగులు విప్పి
మోచేతుల మీది కాడ్ పొలుసులు గీరుకుని
ఎనిమిదింటికి పడుకుంటాను, మూడున్నరకి లేస్తాను.
ఏది నా ఉదయం?

మందుల షాపు బోర్ఘిల్డ్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చింది.
నవ్వలేదు. ఆమెలో నాకు నచ్చేది అదే.
"సూర్యుణ్ణి అడక్కు. నీ నిద్రని అడుగు.
అన్నిటికంటే పొడుగు నిద్ర చివర
మొట్టమొదట వచ్చేదే ఉదయం.
చిక్కగా ఉండాలి, అంతే.
మధ్యలో లేచి గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగావా,
ఉన్నదాన్ని కూడా లేదంటుంది కాగితం."

అంతకు ముందు వేరే కాగితాలు,
అండం విడుదలకి ముందు ఒంట్లో లేచే పోటుని పట్టేవి.
వాటి నియమం తలకిందులు: లేవగానే వద్దు,
కాస్త పొద్దెక్కాక (ఏ పొద్దో!), రోజూ ఒకే వేళకి,
రెండు గంటలు కాఫీ మానేసి, బిగపట్టుకుని.
కాఫీ ముట్టని నన్ను చూసి మా సూపర్‌వైజరు
"సమ్మె ఏమైనా ఉందా?" అన్నాడు.

ఆ కాగితాల మీద లేత గీత లెక్కలోకి రాదు.
పక్క గీతంత ముదరాలి, లేదా దాన్ని మించాలి.
తెలీక మొదటి నెల
ఈవర్‌ని నాలుగు రోజుల ముందే కంగారు పెట్టాను.
రెండో నెల గీత నిజంగా ముదిరిన రోజు
అతని పడవ బారెంట్స్ సముద్రంలో ఎక్కడో ఉంది.
ఒక రోజో, రోజున్నరో వ్యవధి.
రేడియోలో గాలి కబురు విని
కాగితాన్ని కిటికీలో పెట్టి పడుకున్నాను.

క్రిస్మస్ ముందు ఇంకో తప్పు.
నెల తప్పే తేదీ ఇంకా రాకుండానే ఆత్రం.
ఒకే గీత. చెత్తబుట్టలో పడేశాను.
షిఫ్టు నించి వచ్చి మళ్ళీ తీసి చూస్తే రెండు!
ఊలు తొడుగులో దాచుకుని మంచులో పరిగెత్తాను.
"రంగు?"
"బూడిద."
"ఎంతసేపటికి చూశావు?"
"పదకొండు గంటలకి."
బోర్ఘిల్డ్ దాన్ని రెండు వేళ్ళతో అవతల పారేసి, చేతులు కడుక్కుని
నాకో అల్లం బిస్కెట్ ఇచ్చింది.
"తడి ఆరిన మచ్చ ఇది. గడువు దాటాక
కాగితం మాట వినకు. చెత్తబుట్టలు వెతక్కు."

ఇవాళ తేదీ దాటి రెండు రోజులు.
మూడున్నర. నా ఉదయం.
డబ్బా మీది ఆఖరి తేదీ చూసి, కవరు అప్పుడే చింపి
కప్పులో గీత దాటకుండా ముంచి, అయిదు లెక్కపెట్టి
వాషింగ్ మెషీన్ మీద పడుకోబెట్టాను.
ఈవర్ గుడ్లు ఉడికించుకునే కోడిపెట్ట టైమరు
అయిదు నిమిషాలకి తిప్పి, వీపు తిప్పి నిలబడ్డాను.
బయట మంచు తోసే బండి వీధిని గీరుకుంటూ పోయింది.

పెట్ట మోగింది.
మొదటి గీత ఉంది, అంటే కాగితం మంచిదే.
రెండోది
లేత.
కానీ గులాబీ.

ఈవర్‌కి కాదు, బోర్ఘిల్డ్‌కి చేశాను ఫోను.
"రంగు?" "గులాబీ." "ఎన్ని నిమిషాలు?" "అయిదు."
ఫోనులో ఆమె షాపు గంట ఎవరో తోసిన చప్పుడు.
"ఇందులో లేతదైనా గీత గీతే.
అయినా రెండ్రోజులాగి మళ్ళీ చూడు.
ముదిరితే నర్సు దగ్గరికి వెళ్దువుగాని.
ఈలోగా ఎవరికీ చెప్పకు, నాకు తప్ప."

ఆ రాత్రి నన్ను జన బల్ల దగ్గర వేశారు.
తడి సంచులు, ఒక్కోటి అరచేతి పొడుగు.
చిట్లినవి నీలం తొట్టిలోకి, చిట్లనివి తెల్ల తొట్టిలోకి.
మిగతావాళ్ళు విరామానికి వెళ్ళొచ్చి
కాఫీ వాసనతో నా పక్కన నిలబడ్డారు.
నేను ఇంకా మొదటి పెట్టె దగ్గరే ఉన్నాను,
నెమ్మదిగా.