మనోళ్లమే

థీసిస్ మొదటి పేజీల నేనొక సామెత రాసుకున్న.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని.
ఉపేందర్ సార్ ఎర్రపెన్నుతో కొట్టేసి
పక్కన చిన్నగ రాసిండు:
"ఈశ్వరుడి సంగతి మనకెందుకు?
టి-కణం ఎందుకు పట్టలేదో చెప్పు."

నాలుగేండ్లయింది, చెప్పబట్టి.

వారానికి రెండుసార్లు ఎంజీఎం నుంచి
ఓదెలు స్కూటర్ మీద ఐసు డబ్బా తెస్తడు,
నయీంనగర్ గతుకుల్ల
పాలక్యాను తీరుగ కాళ్ల నడుమ పెట్టుకొని.
మూత తీస్తే గులాబీ నీళ్లల్ల
చింతగింజంత ముక్క.
పేరుండదు, నంబరుంటది.
నలభై ఒకటి: ఆడ, యాభై రెండేండ్లు, రేగొండ,
మిర్పకాయ ఏరే పని. దవడ.

సన్నగ కోసి, రంగులద్ది, అద్దం కింద పెడితే
కొత్తవాడ కండ్ల ముందటికొచ్చింది.
మా బాపు జంపఖానా మగ్గం,
బిగిసిన పడుగు, దాని మీద పేక.
గడ్డ తన చుట్టూ తానే నేయించుకున్నది
ఆ ఒంట్లె దారంతోనే,
ఆ ఒంట్లె నేతగాళ్లతోనే.
కూలి ఇచ్చినట్టు కూడ లేదు.

అవతల టి-కణాలు వరుసగ నిలబడ్డయి,
ఎనుమాముల మార్కెట్ గేటు కాడ
పత్తి ట్రాక్టర్ల లెక్క.
లోపటికి పోవు. వెనక్కు మళ్లవు.

లోపటికి పోయినవాటి గతి ఇంకా అన్యాలం.
గడ్డ వాటిని చంపదు.
ఈ సంగతి చదివిన రోజు
మెస్సుల అన్నం సగంల లేచిన.
చంపదు, భుజం మీద చెయ్యేస్తది.
మనోళ్లమే, అంటది.
ఉన్న చక్కెరంత తానే తిని
పులిసిన నీళ్లు మిగిలిస్తది.
అవి మెల్లగ అలిసిపోతయి.
శాస్త్రం కూడ దానికి వేరే పేరు పెట్టలేదు,
అలసట అనే అన్నది.

ఆ చెయ్యిని భుజం మీదికెళ్లి తీసే మందు
చీమ కన్నీరంత ఉన్నది నా దగ్గర,
ఎనిమిది నెలల నుంచి రాని నా ఫెలోషిప్ కంటె ఖరీదు.
ఇరవై నాలుగు గుంటల పళ్లెంల పోసిన.
ఇరవై మూడింట్ల ఏం కాలె.

ఆఖరి గుంటల, రాత్రి ఒంటిగంట పది,
నలభై ఒకటో నంబరుది
ఒక కణం కదిలింది.
ఒక్కటే.
దారాల సందుల నాడె దూరినట్టు దూరింది,
గడ్డ కణం దాక పోయింది,
ఆగింది,
తడిమింది,
కరెంటు పోయింది.

జనరేటర్ అందుకునేదాక పదకొండు సెకన్లు.
మళ్ల చూస్తే గడ్డ కణం పగిలి ఉన్నది.
ఇది చంపిందో, తనంతట తనే చచ్చిందో
చీకటికి తెలుసు.
వీడియోల పదకొండు సెకన్ల నలుపు.

"ఒక్కటి లెక్క కాదు, మళ్ల చెయ్యి" అన్నడు సార్.
ముక్క అయిపోయింది.
ఓదెలును అడిగిన.
"ఆమె తిరిగి దవాఖానకు రాలేదట మేడం,
మిర్ప ఏరుడు మోపయింది గదా" అన్నడు.
రిజిస్టర్ల ఆమె వరుస ఖాళీగనే ఉన్నది.
నా వీడియోల ఆ నలుపును
నేనూ కోసెయ్యలే.

మూడు గంటలకు గేటు కాడికొచ్చిన.
సాంబయ్య కుర్చీల, దుప్పటి కప్పుకొని.
నాలుగేండ్ల కింద మొదటి రాత్రి
కార్డు చూపెట్టందే కదలనియ్యలే.
పేరు కూడబలుక్కొని చదివి
ఫోటోను, నా మొఖాన్ని రెండుసార్లు చూసిండు.
నాకు మస్తు కోపమొచ్చింది అప్పుడు.
ఇయ్యాల కూసున్నకాన్నుంచే చెయ్యూపిండు:

"మనోళ్లే గదమ్మా, పో."

నేను పోలే.
మెడల కార్డు తీసి లైటు కిందికి పట్టిన.
"చూడు" అన్న.
సాంబయ్య నవ్విండు.
నేను నవ్వకపోయేసరికి
జేబుల అద్దాలు దేవులాడుకున్నడు.