ఒత్తు ఖ

టెక్కలి దాటి నౌపడా రోడ్డెక్కగానే
ఎడమ పక్క రేకుల షెడ్డు నాది.
లోపల నీలం రాయి, బయట తెల్లటి దుమ్ము.
అక్షరానికి ఇంత అని తీసుకుంటాను,
ఒత్తులకి వేరే లెక్క లేదు.

యాళ్ళ కూర్మారావు పేరు
మొదటిసారి నా ఉలికి తగిలినప్పుడు
రాతికి అట్టడుగున ఉంది.
వార్డు మెంబరు. అర అంగుళం.
బడిపంతులు పని మానేసిన ఏడాది అది.
సైకిలు మీద వచ్చి, మోకాళ్ళ మీద వంగి
తన చోటెక్కడో వెతుక్కున్నాడు.

ఆ తరవాత నాకు తెలిసిన అతని చరిత్రంతా
అంగుళాల్లోనే.
సర్పంచి అయితే అడుగు నుంచి మూడో వరస.
మండలాధ్యక్షుడికి ముప్పావు అంగుళం, ముందొక శ్రీ.
ఎమ్మెల్యే అయిన వేసవిలో
శ్రీ పోయి గౌరవనీయులు వచ్చింది,
ఆరక్షరాల కూలి.
మంత్రి అయినప్పుడు రెండంగుళాలు, బంగారు రంగు.
ఆ ఏడే మా పిల్లకి కుట్టుమిషను కొన్నాను.

గెడ్డ మీద వంతెనకి మూడు రాళ్ళు చెక్కాను.
మొదటిదానికి మేకలు ఒళ్ళు రాసుకుంటాయి.
రెండోది తిత్లీ తుఫానుకి బోర్లాపడి
గెడ్డవీధి ఆడాళ్ళకి చాకిరేవు బండయింది,
అడుగున పేరుని నీళ్ళు చదువుకుంటాయి.
మూడోదానికి తెర లాగినప్పుడు నేనూ ఉన్నాను.
చప్పట్లు కొట్టాను.

మా తమ్ముడి భార్యకి డయాలసిస్,
మంగళవారం, శుక్రవారం.
గెడ్డ పొంగిన శుక్రవారం
పాదాలు ఉబ్బి ఇంట్లోనే ఉండిపోయింది.
మంగళవారానికి గెడ్డ తీసింది.
ఆమె లేదు.

పోలింగు రోజు
అట్ట చాటున మిషను ముందు నిలబడ్డాను.
వరసలో రెండో పేరు అతనిది,
కళ్ళు మూసుకుని చెక్కగలను.
వేలు అలవాటుగా అక్కడిదాకా వెళ్ళి
కిందికి జారింది.
కూతలాంటి చప్పుడు. అంతే.
రాయి పెచ్చు ఊడినా అంతకన్నా గట్టిగా వినబడుతుంది.
పదకొండు వేల తేడా అన్నారు టీవీలో.
అందులో ఒకటి నాది.

శ్రావణంలో కొత్తాయన
అదే వంతెనకి నాలుగో రాయి చెప్పాడు.
రంగు ఆరుతూ ఉంటే ఆటో ఆగింది.
గన్‌మన్ లేడు. వెనక సీట్లో చేపల బుట్టతో ఓ ముసలమ్మ.
కూర్మారావు దిగి, చిల్లర వెతికి ఇచ్చి,
కండువా లేని మెడ తడుముకుంటూ వచ్చాడు.
"ఓటెవులికేసావని అడగన్లే సన్నేసాచారీ,
టీ తెప్పించు."

రాయి ముందు నిలబడి చదివాడు,
ఒక్కో మాట కింద వేలు పెట్టి,
బళ్ళో పిల్లాడి చేత చదివించినట్టు.
తన పేరు లేదు. ఆ ఊసెత్తలేదు.
మళ్ళీ మొదటి వరసకే వచ్చాడు.
"శంఖుస్థాపనేట్రా?
ఒత్తు ఖ కాదు. శంకు.
శంకంటే మేకు, నేలలోకి దిగాల.
నువ్వు చెక్కింది ఊదుకునేది."

కాసేపాగి,
"నా రాళ్ళ మీదా ఇలాగేనా?"
అన్నిటి మీదా ఇలాగే బావూ, అన్నాను.
గ్లాసు మీద మీగడ కట్టింది.
"నానెప్పుడూ రెండో వరస నుంచే చదివేను."

రాతిలో తప్పు దిద్దడమంటే
ఒక్క అక్షరం చెరపడం కాదు,
ముఖమంతా ఒక పొర అరగదియ్యాలి.
దానికి కూలెవరిస్తారు?
అతని ఐదు రాళ్ళ బాకీ ఇంకా ఉంది.
ఇప్పుడడుగుదామా అనుకునేలోపు
చెప్పు విడిచి, బొటనవేలితో
నేల మీది దుమ్ములో కు రాస్తున్నాడు,
కొమ్ము ఎక్కడ తిరగాలో చూపిస్తూ.

పలాస బస్సుకి చెయ్యెత్తాడు.
ఆగింది. ఆగుతుందనుకోలేదు కాబోలు,
ఒక్క క్షణం అలాగే నిలబడి
తరవాత ఎక్కాడు.

తెల్లారి ఊడవడానికొచ్చిన కోడలు
చీపురు పట్టుకుని ఆగిపోయింది.
"ఇదెవులు రాసేరు మావా,
ఇంత గుండ్రంగా?"

పంతులు, అన్నాను.